వ్రాతకు ముందటి వంశచరిత్ర

1925వ సంవత్సరపు వేసవిలో లియోనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ అను 38 ఏండ్ల అమెరికా పండితుడు, కెనడా దేశపు పడమటి మైదానములలో, సస్కటూన్ నగరమునకు వాయవ్యదిశగా బాటిల్‌ఫర్డ్ పట్టణము దాటిన పిమ్మట వచ్చు స్వీట్‌గ్రాస్ రిజర్వునకు చేరి, అచ్చటి క్రీ జాతి పెద్దలు చెప్పిన కథలను వారి నోట వెడలినది వెడలినట్లుగా వ్రాసికొన నారంభించెను. ఒట్టావాలోని జాతీయ ప్రదర్శనశాల ఆయనను పంపినది. ఆ ప్రదర్శనశాలలో మానవశాస్త్ర విభాగమునకు 1910 నుండి 1925 వరకు అధిపతిగా నుండినవాడు ఎడ్వర్డ్ సపీర్. అమెరికా ఖండమున భాషాశాస్త్రమునకు పునాదులు వేసిన యిద్దరు మహనీయుల పేరులు ఈ విధముగా ఆ మారుమూల రిజర్వుతో ముడిపడినవి. కథలు చెప్పినవారిలో ముఖ్యుడు ఇంగ్లీషువారిచే కమింగ్ డే అని పిలువబడిన వృద్ధుడు, ఆయన అంధుడు, పూర్వగాథలు ఆయనకు తెలిసినన్ని తమ గుంపులో మరెవ్వరికిని తెలియవని తక్కినవారే ఒప్పుకొనిరి. ఆ వృద్ధుడు చెప్పగా బ్లూమ్‌ఫీల్డ్ వ్రాసిన కథలు 1930లో ఒక సంపుటముగను, 1934లో మఱియొక సంపుటముగను అచ్చయినవి. కథాసంపదగా వాటి విలువ ఎంతటిదో, ఒక శాస్త్రవివాదమున సాక్ష్యముగా వాటికి నేపథ్యమైన భాష విలువ అంతకు తీసిపోనిది.

ఆ వివాదమేమో చెప్పవలెనన్న ఐరోపాకు మరలవలెను. సంస్కృతము, గ్రీకు, లాటిను, జర్మన్ మున్నగు భాషలను పోల్చి చూచిన పందొమ్మిదవ శతాబ్ది పండితులు, ఒక భాషలో ఒక ధ్వని మాఱునప్పుడు అది ఇచ్చవచ్చిన మాటలో మాఱి ఇచ్చవచ్చిన మాటలో మానుట గాక, ఒకే పరిస్థితులయందున్న ప్రతి మాటయందును ఒకే తీరున మాఱునని నిర్ధారణ చేసిరి. మనకు సన్నిహితమైన ఉదాహరణము తీసికొందము. తెలుగున చెవి యన్నది కన్నడమున కివి. మన చెఱువు వారికి కెఱె. మన చేయి వారికి కై. ఇ, ఎ వంటి అచ్చులకు ముందు కన్నడము నిలుపుకొన్న కకారము తెలుగున చకారమైనదను ఒక్క సూత్రముచే ఈ మూడును, ఇట్టివి మఱికొన్నియు ఒక్కసారిగా విశదమగును. ఈ నియమబద్ధతయే భాషల బంధుత్వమును నిరూపించు సాధనము. అయితే ఈ సాధనము వెయ్యేండ్ల, రెండువేలేండ్ల గ్రంథములున్న భాషలకు మాత్రమే పనికివచ్చునా, లేక వేటకై తిరుగుచు గ్రంథములు లేకుండ బ్రతికిన జనుల భాషలకును వర్తించునా యను సంశయము ఆనాటి పండితులలో కొందఱికి బలముగా నుండెను. వ్రాత లేనిచోట మాటలు నిలుకడ లేక తరతరమునకు ఇష్టము వచ్చినట్లు మాఱిపోవునని, కావున అమెరికా ఆదివాసుల భాషలను ఐరోపా భాషల పద్ధతిలో వంశములుగా ఏర్పఱచుట సాధ్యము గాదని వారి భావము. బ్లూమ్‌ఫీల్డ్ ఈ భావమును సహింపలేకపోయెను. భాష మాఱుటకు కారణమైన నియమములు అమెరికా ఖండమున మాత్రము పనిచేయుట మానినవన్న ఊహను తొలగించుటకే తాను పూనుకొన్నానని 1925లో తన వ్యాసమున స్పష్టముగా ప్రకటించెను.

ఈ వాదమునకు సస్కటూన్ పరిసరములకంటె తగిన రంగస్థలము దొరకుట అరుదు. దక్షిణ సస్కట్చెవాన్ నది యొడ్డున మద్యపాన నిషేధమును కోరిన ఒక వలససంఘము వారు 1882, 83 సంవత్సరములలో స్థాపించిన ఊరు ఇది. ఆ చోటు పట్టణమునకు అనువైనదని సంఘనాయకుడు జాన్ లేక్‌నకు సూచించినవాడు డకోటా జాతి నాయకుడగు వైట్‌క్యాప్ అని స్థానిక చరిత్ర చెప్పును. నగరమునకు పేరు క్రీ భాషలో ఒక నేరేడువన్నె చిఱుపండునకుండిన పేరునుండి వచ్చినది. నేడు అచ్చట విశ్వవిద్యాలయమును, దానిని వెదకికొని వచ్చిన విద్యార్థులతోపాటు కొన్ని తెలుగు కుటుంబములును ఉన్నవి. నగరమునకు దక్షిణముగా కొలదిదూరమున వైట్‌క్యాప్ సంతతివారు నివసించు డకోటా గ్రామము. ఉత్తరమున, పడమట క్రీ జనుల రిజర్వులు. ఇంకను ఉత్తరమునకు, మైదానములు ముగిసి అడవులు, సరస్సులు ఆవరించిన సీమలో డేనే జనులు. డకోటా సూ భాషాకుటుంబమునకు చెందినది. క్రీ ఆల్గాంక్వియన్ కుటుంబమునకు, డేనే అథబాస్కన్ కుటుంబమునకు చెందినవి. ఒక్క రాష్ట్రమున, ఒకరి పొలిమేరలు మఱియొకరికి తెలిసిన జనులలో, సంస్కృతమునకును అరబ్బీకిని ఎంతటి భేదమున్నదో అంతటి భేదముగల మూడు వంశములు నివసించుచున్నవి. క్రొత్తగా వచ్చినవాని చెవికి ఈ మూడును తెలియని భాషలే యైనను, వాటిని వేఱుచేసి చూపవలసినది చెవి గాక తర్కము.

క్రీ భాష రాకీ పర్వతముల చెంతనుండి తూర్పున లాబ్రడార్ దిక్కుగా వేల మైళ్ళు వ్యాపించియున్నది. మైదానముల క్రీ మాటాడువారు ‘నేను’ అనుటకు నియ యందురు. ఉత్తర సస్కట్చెవాన్ అడవుల క్రీలు నీథ యందురు. మానిటోబాలోని చిత్తడి నేలల క్రీలు నీన యందురు. హడ్సన్ అఖాతపు దక్షిణాన మూస్ నదీతీరపువారు నీల. క్యుబెక్ రాష్ట్రమున అటికమెక్ జనులు నీర్. ఒక్క సర్వనామమున ఇది కనబడి ఊరకున్నచో యాదృచ్ఛికమనవచ్చును. కాని మైదానక్రీలో ఒక తెగ యకారము పలుకు చోట్లన్నిటను అడవిక్రీలో థకారము, చిత్తడి నేలలవారిలో నకారము, మూస్ తీరమున లకారము, అటికమెక్‌లలో రేఫము వరుస తప్పక పలుకుచుండును. ఈ జనులు తమ భాషకు పెట్టుకొన్న పేరులయందును ఇదే తీరు: మైదానమున నేహియవేవిన్, అడవులలో నీహిథవీవిన్, చిత్తడి నేలలలో నేహినవేవిన్. (డకోటా, నకోటా, లకోటా యను సూ కుటుంబపు తెగల పేరులు విన్నవారికి ఇట్టి వరుస క్రొత్త గాదు.) ఐదు మాండలికములకును మూలమైన ఒక్క ధ్వని పూర్వకాలమున నుండి, దేశమెల్ల ప్రాకిన జనుల నోళ్ళలో ఐదు దారులు పట్టినదనుటకు ఇంతకుమించిన నిదర్శనమక్కఱలేదు. ఇది శాసనములు చదివి తెలిసికొన్నది గాదు. సజీవులైన మనుష్యుల ఉచ్చారణమును దగ్గఱ కూర్చుండి వినుటచే తెలిసినది.

క్రీ జనులకు లిపి లేకపోలేదు. 1840లో నార్వే హౌస్ అను కోటలో జేమ్స్ ఎవాన్స్ అను మతబోధకుడు వారి భాషకొక అక్షరమాల ప్రచురించెను. ఆ లిపిని దేవతలు మిస్తనాస్కోవేవ్ అను తమ వానికి అనుగ్రహించిరని క్రీ పెద్దల సంప్రదాయము. ఆ లిపిలో హల్లునకొక ఆకారమేర్పఱచి, దానినే నాలుగు దిక్కులకు త్రిప్పి నాలుగచ్చుల గుణింతము సాధింతురు. ఇందు సంక్షేపలిపితోపాటు దేవనాగరి చాయయు కలదని పరిశోధకులలో కొందఱి యభిప్రాయము. గుణింతము నేర్చిన తెలుగు బాలుడు ఒక్క పూటలో దాని మర్మము గ్రహింపగలడు. ఆ లిపి అతివేగముగా వ్యాపించి, ఒకరికొకరు నేర్పుకొనుచు క్రీ జనులలో అధికసంఖ్యాకులు చదువరులైరి. అయినను 1840కి పూర్వపు క్రీ యెట్లుండెనో చెప్పుటకు ఆ లిపి సాయపడదు గదా. వందలాది సంవత్సరముల వెనుకకు పోవలెనన్న ధ్వనులే ఆధారము.

బ్లూమ్‌ఫీల్డ్ చేసిన మహత్కార్యము ఇచ్చటనే యున్నది. ఆయన నాలుగు ఆల్గాంక్వియన్ భాషలను, అనగా ఫాక్స్, ఒజిబ్వే, మెనామినీ, మైదానక్రీ యనువానిని ప్రక్కప్రక్కన నిలిపి, కకారముతో ముగియు సంయుక్తాక్షరములు ఒక్కొక్క భాషలో ఎట్లు మాఱినవో పరీక్షించెను. పట్టికలో వరుసలన్నియు చక్కగా కుదిరినవి, ఒక్క వరుస దప్ప. ‘ఎఱ్ఱగా నున్నాడు’ అను అర్థమున ఫాక్స్ భాషలో మెష్‌కుసివ, మైదానక్రీలో మిహ్‌కుసివ్. ఈ మాటలోని సంయుక్తాక్షరము ఫాక్స్‌లో ఒక వరుసతో పొత్తు కలియగా క్రీ, మెనామినీలలో మఱియొక వరుసతో పొత్తు కలియుచున్నది. ఎఱుపును చెప్పు ఆ ఒక్క ధాతువునందే ఈ విచిత్రము. పండితుడు బద్ధకించినచో దీనిని అపవాదమని ప్రక్కకు నెట్టి సాగిపోవచ్చును. వ్రాతలేని జనుల భాషలో నియమమేమని పెదవి విఱుచువారికి ఇది చేతికందిన ఆయుధమగును. బ్లూమ్‌ఫీల్డ్ అట్లు చేయలేదు. నియమమునకు భంగము లేదను విశ్వాసముతో, మూలభాషలో ఈ ధాతువునకు తక్కినవాటికంటె భిన్నమైన యొక ప్రత్యేక సంయుక్తాక్షరము ఉండియుండవలెనని, ఆ నాలుగు భాషలలో ఏ యొక్కటియు దానిని ప్రత్యేకముగా నిలుపుకొనకపోయినను, 1925లో ఊహించి ప్రకటించెను. మూడేండ్లు గడచిన పిమ్మట, 1928లో, మానిటోబాలోని చిత్తడి నేలల క్రీ మాండలికమునుండి అదే మాట వినబడినది: మిహ్త్‌కుసివ్. తక్కిన మాటలలో హ్క యున్నచోట ఈ ధాతువునందు మాత్రము హ్త్క. లెక్కలో కనబడిన వైషమ్యమునుబట్టి ఖగోళశాస్త్రజ్ఞులు కంటికి కనబడని గ్రహమునకు స్థానము నిర్ణయింపగా, అచ్చటనే దూరదర్శినికి అది కనబడినట్లైనది ఈ సంఘటన. వ్రాతకు నోచుకొనని తరతరముల స్త్రీపురుషులు, ఎఱుపును చెప్పు నొక్క మాటలోని ధ్వనిభేదమును, దానికొక శాస్త్రప్రయోజనము గలదని యెఱుగకయే చెడకుండ కాపాడి అప్పగించిరి. ఈ విషయము చదివినప్పుడెల్ల నాకు ఆ యజ్ఞాతవక్తలయెడ కలుగు గౌరవము ఏ శాసనకర్తయెడను కలుగదు.

బ్లూమ్‌ఫీల్డ్ పాణినిని చదివినవాడనియు ఈ సందర్భమున చెప్పవలెను. 1933లో ప్రకటించిన తన మహాగ్రంథమున అష్టాధ్యాయిని మానవబుద్ధి నిర్మించిన గొప్ప స్మారకములలో నొకటిగా కీర్తించెను. 1939లో మెనామినీ భాషకు వ్రాసిన సంధిప్రక్రియలో, సూత్రము వెనుక సూత్రము క్రమముగా వర్తించి రూపమును సిద్ధింపజేయు పాణినీయ పద్ధతినే ఆ విస్కాన్సిన్ ఆదివాసుల భాషకు అనువర్తించెను.

సపీర్ ఇదే కార్యమును డేనే వైపునుండి చేసెను. 1931లో వ్రాసిన యొక ప్రసిద్ధవ్యాసమున ఆయన బ్లూమ్‌ఫీల్డ్ కథను వివరించి, దానికి తోడుగా అథబాస్కన్ భాషలలో తాను ఊహించిన మూలధ్వనులు పిమ్మట దొరకిన భాషలచే ఎట్లు స్థిరపడెనో చూపెను. ఆయన శిష్యుడు, చీనాదేశీయుడగు లీ ఫాంగ్‌క్వే, 1928లో అథబాస్కా సరస్సుతీరమున ఫోర్ట్ చిపెవయాన్‌నకు పోయి ఫ్రాన్స్వా మాండవిల్ అను వక్తనుండి డేనే కథలు వ్రాసికొనెను; పిమ్మట ఆయనయే ఆసియాలో తాయ్ భాషల వంశచరిత్రకు ఆద్యుడయ్యెను. ఉత్తర సస్కట్చెవాన్ హిమారణ్యములలోని డేనే భాషకు, రెండువేల కిలోమీటర్లకు మించిన దూరమున అరిజోనా యెడారిలో గొఱ్ఱెలు కాచుకొను నవాహో జనుల భాష సహోదరి. ప్రక్కయింటి క్రీ ఏమియు గాదు. ఇరుగుపొరుగు వేఱు, రక్తసంబంధము వేఱు. శతాబ్దముల తరబడి ఒకే వేటభూములు, ఒకే బొచ్చుతోళ్ళ వ్యాపారమున మెలగిన జనుల భాషలు పదములను ఇచ్చిపుచ్చుకొనవచ్చును. వ్యాకరణపు టెముకలగూడు మాత్రము ఎవరిది వారిదే.

ఈ మాట చెప్పినంతనే మీషిఫ్ అడ్డుపడును. ఫ్రెంచి వ్యాపారులకును క్రీ మున్నగు జాతుల స్త్రీలకును కలిగిన సంతతి మేటీలు. సస్కటూన్‌కు ఈశాన్యమున బటోష్ అను ఊర 1885లో లూయీ రియెల్, గేబ్రియెల్ డ్యూమాల నాయకత్వమున కెనడా ప్రభుత్వముతో పోరాడి ఓడినవారు వీరే. వారిలో కొందఱు మాటాడు మీషిఫ్ భాషలో క్రియలు క్రీవి, నామములు ఫ్రెంచివి. క్రియ తన క్రీ ప్రత్యయముల వైభవమంతయు కోల్పోలేదు. నామమును ఫ్రెంచి లింగభేదమును, ఉపపదములను విడువలేదు. రెండు తల్లుల బిడ్డను వంశవృక్షమున ఏ కొమ్మకు వ్రేలాడదీయవలెను? పీటర్ బాకర్ 1997లో ఈ భాషపై వెలువరించిన గ్రంథము ఇట్టి సమ్మేళనము రెండు భాషలును చక్కగా వచ్చిన తరమువలననే సాధ్యమని వాదించెను. వృక్షమున స్థానము లేదని మీషిఫ్‌ను అల్పముగా నెంచుట అన్యాయము. వృక్షమే సర్వస్వము గాదని తెలిపిన భాష అది. సస్కటూన్‌లోని గేబ్రియెల్ డ్యూమా సంస్థ 1980 నుండి మేటీల చరిత్రతోపాటు ఈ భాషను పోషించుచున్నది.

పోషణము అవసరమగుటకు కారణము చెప్పక దాటుట ధర్మము గాదు. 1876లో ఫోర్ట్ కార్ల్‌టన్, ఫోర్ట్ పిట్ కోటలయొద్ద ఆఱవ ఒడంబడికపై సంతకములైన పిమ్మట (స్వీట్‌గ్రాస్ నాయకుడు సంతకము చేసినది ఫోర్ట్ పిట్‌లో) ఈ జనుల భూములు చేజాఱినవి; ఆ తరువాత చర్చీలు, ప్రభుత్వము కలిసి నడపిన వసతి పాఠశాలలలో పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి, స్వభాషలో మాటాడినందుకు దండించిరి. 2008లో కెనడా ప్రధానమంత్రి పార్లమెంటున దీనికి క్షమార్పణ కోరెను. 2019లో ఆదివాసీ భాషల చట్టమొకటి వచ్చినది. ఈ మధ్యకాలమున భాషను నిలిపినవారు చట్టములు చేసినవారు గారు. అటాకాకూప్ రిజర్వులో 1932లో పుట్టి, పండ్రెండుగురు బిడ్డలను పెంచి, నడివయస్సున విశ్వవిద్యాలయమున చేరి, 1987లో క్రీ భాషానిర్మాణముపై తన గ్రంథమును ప్రకటించిన ఫ్రీడా అహెనకూ వంటి విదుషీమణులు. ఆమె సస్కటూన్‌లో సస్కట్చెవాన్ ఆదివాసీ భాషల సంస్థకు అధ్యక్షత వహించి, అవ్వలు తమ నోట చెప్పిన జీవితకథలను క్రీలోనే అచ్చు వేయించినది. అరువది సంవత్సరములకు పూర్వము పరదేశి పండితుడు విని వ్రాసికొన్నదానిని, ఆమె తన యింటి భాషగా ఎఱిగి వ్రాసినది; భేదము పుట పుటయందును తెలియును.

ఎవ్వరైన మైదానక్రీ నియయు, చిత్తడి క్రీ నీనయు విని, మన ‘నేను’, ‘నా’ అనువానితో పోల్చి, క్రీ జనులు ద్రావిడుల దాయాదులని చెప్పబూనినచో ఆశ్చర్యపడనక్కఱలేదు. ఇట్టి పోలికలపై గ్రంథములు వ్రాసినవారు లేకపోలేదు. ఒకటి రెండు ధ్వనులు గల పొట్టి మాటలు ప్రపంచమున ఎచ్చటనైన కాకతాళీయముగా కలియును. పోలిక బంధుత్వమునకు ఋజువు కాదు. క్రమము తప్పని అనురూపతయే ఋజువు. ఈ వివేకము లోపించినచోట ఎంతటి పొరపాటు జరుగునో న్యూగినీ ద్వీపము చూపుచున్నది. ఆ ద్వీపమునను, చుట్టుపట్లను సుమారు ఎనిమిది వందల పాపువా భాషలున్నవి. పాపువా యనునది ఒక వంశనామము గాదు, పొరుగున విస్తరించిన ఆస్ట్రోనేసియన్ వంశమునకు చెందనివని చెప్పు నిషేధవాచకము మాత్రమే. అందు పదులకొలది కుటుంబములు, ఏకాకి భాషలు కలసియున్నవి. 1971లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ వీటినన్నిటిని మన అండమాన్ భాషలతోను, ఆస్ట్రేలియాకు దిగువ టాస్మేనియా భాషలతోను కలిపి ఒకే మహాకుటుంబమని ప్రకటించెను. పదముల పైపోలికలే ఆధారమగుటచే పండితలోకము దానిని ఆమోదించలేదు. తరువాతివారు, ముఖ్యముగా మాల్కమ్ రాస్, ఎరువు తెచ్చుకొనుట అరుదైన సర్వనామముల సమూహములను పట్టుకొని, చిన్న చిన్న కుటుంబములను మొదట నిలుపుకొని, పిమ్మట పెద్దవాటికి సాహసించుట మేలని త్రోవ చూపిరి. అచ్చటి చిన్న కుటుంబము నాలుగైదు ఊళ్ళది కావచ్చును. చిన్నదైనంత మాత్రమున దాని నిర్ణయము సులభమగుననుకొనరాదు. సాక్షులు తక్కువైనకొలది ఒక్కొక్క సాక్షి వాఙ్మూలము అమూల్యమగును.

ఇంతవఱకు చెప్పినది మనకు దూరపు కథ యనిపించినచో, ముఱ్ఱే ఎమెనో అను పేరు స్మరించుట మేలు. ఆయన కెనడాలో నోవా స్కోషియా తీరమున లూనెన్‌బర్గ్ పట్టణమున 1904లో పుట్టెను. యేల్ విశ్వవిద్యాలయమున సంస్కృతమున పండితుడై, 1931లో అచ్చటికి వచ్చిన సపీర్‌కు శిష్యుడై, ఆదివాసుల భాషలను విని వ్రాయు విద్య నేర్చి, 1935 మొదలు 1938 వఱకు భారతదేశమున తిరిగి నీలగిరులలో తోడ, కోత భాషలను, కొడగు భాషను, మధ్యభారతమున కోలామీని సేకరించెను. సస్కట్చెవాన్, అథబాస్కా తీరములలో పదునుపెట్టబడిన పనిముట్టే కోలాముల గూడెములకు ఈ విధముగా చేరినది. కోలామీపై ఆయన గ్రంథము 1955లో వెలువడినది. థామస్ బరోతో కలిసి కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో ప్రథమముగను, 1984లో రెండవ కూర్పుగను అచ్చయినది. ఆయన 2005లో, నూటొకటవ యేట పరమపదించెను.

ద్రావిడ కుటుంబము ఒకటున్నదని 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో ఫ్రాన్సిస్ ఎల్లిస్ తెలుగును సాక్ష్యముగా నిలిపి చూపెను; 1856లో కాల్డ్వెల్ దానిని విస్తరించెను. కాని ఆ కుటుంబములోపల ఎవ్వరు ఎవ్వరికి దగ్గఱయను ప్రశ్న మిగిలియుండెను. 1906లో అచ్చయిన భారత భాషా సర్వేక్షణమున స్టెన్ కోనో, కూయి, గోండి, కోలామీ మున్నగు గిరిజన భాషలను మధ్యవర్తులని యొక గుంపుగా కట్టి, ఆంధ్రభాషయని తెలుగును ఒంటరిగా నిలిపెను. ఒంటరితనము మనకు గౌరవమని భావించినవారుండవచ్చును. నిజము మాత్రము అది గాదు. పేరులు మోసగించుటయు ఇచ్చట అధికము. సాలూరు ప్రాంతమున గదబలు మాటాడునది ద్రావిడభాష. అదే గదబ పేరు గల మఱికొందఱు మాటాడు గుతోబ్ ముండా వంశమునకు చెందినది. బరో, భట్టాచార్యలు 1953లో బస్తరు పర్జీని వర్ణించి, కోలామీ, నాయికీ, పర్జీ, ఒల్లారీలు కలిసి ఒక చిన్న కుటుంబమని నిరూపించిరి. కోలామీలో తెలుగు మాటలు కొల్లలుగా చేరియున్నను అవి యెరువు సొమ్ము, తెలుగు ఆ కుటుంబపు బిడ్డ గాదు.

తెలుగునకు తోబుట్టువులెవరో తేల్చినవాడు ఒంగోలున 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 1957లో పట్టము పొంది, 1961లో తెలుగు ధాతువులపై ప్రకటించిన గ్రంథమున ఆయన తెలుగును గోండి, కొండ, కూయి, కువి భాషలతో కలిపి ఒక శాఖగా నిర్ణయించెను. ఆధారము మనమందఱము ఎఱిగినదే, ఎఱుకలేక పలుకునదే. తమిళుల ఇరండు మనకు రెండు. వారి ఉరల్ మనకు రోలు. వారి ఇళ మనకు లేత. వారి పొఴుదు మన పూర్వకవుల ప్రొద్దు. వారి మరమ్ మనకు మ్రాను. మాట మొదటి అక్షరమున అచ్చు, దాని వెనుక రేఫము, లకారము మున్నగు దంతమూలీయ, మూర్ధన్యధ్వని యున్నచో, ఆ ధ్వని అచ్చును దాటి ముందునకు దుముకును. ఈ వ్యత్యయము తమిళ కన్నడములలో లేదు. కోలామీ, పర్జీలకు సొంతముగా లేదు. గోండి, కొండ, కూయి, కువి, పెంగో, మండ భాషలలో కలదు. పూర్వమునుండి వచ్చిన ఆస్తి అందఱికి సామాన్యమగుటచే తగవు తీర్పదు. కలసియున్న కాలమున కలసి సంపాదించినదే కలసియుండుటకు సాక్ష్యము. శ్రీకాకుళము, విశాఖ కొండలలో కొండదొరల భాషను స్వయముగా విని కృష్ణమూర్తి 1969లో వెలువరించిన గ్రంథము, మన కొండప్రాంతపు అక్షరహీనుల వాఙ్మూలమునకు స్వీట్‌గ్రాస్ కథలకు దీటైన స్మారకము.

అయితే ఈ మార్పు అన్ని మాటలలోను పూర్తికాలేదు. కువిలో మ్రాను అన్నచోట కొండభాషలో మరన్, పెంగోలో మర్ అని పాతరూపమే నిలిచినది. మార్పు ఒక్కసారి అన్ని మాటలను తాకక, మాటనుండి మాటకు మెల్లగా ప్రాకుచు నేటికిని నడచుచున్నదని కృష్ణమూర్తి 1978లో చూపెను. బ్లూమ్‌ఫీల్డ్ నమ్మిన నిరపవాదనియమమునకు ఇది విరోధముగా తోచును. కాని ఆయన విడువని పట్టుదలయే ఇచ్చటను పనిచేసినది. మాఱనిమాటలను అపవాదములని త్రోసివేయక, వాటినే కొలమానముగా చేసికొనిరి. గోండి మొదలు మండ వఱకు గల ఆఱు భాషలను జంటలు జంటలుగా చీల్చుచు గీయదగు వంశవృక్షములు 945. స్టాన్‌ఫర్డ్ గణాంకశాస్త్రజ్ఞుడు లింకన్ మోజెస్, డగ్లస్ డాన్ఫర్త్‌లతో కలిసి కృష్ణమూర్తి, ఏ మాట ఏ భాషలో మాఱినది, ఏ భాషలో మాఱలేదను లెక్కను ఒక్కొక్క వృక్షముపై మోపి, ఏ వృక్షమున ఆ మార్పులు అతితక్కువసారులు జరిగియుండిన చాలునో పరీక్షించి, 1983లో ఫలితము ప్రకటించెను. కూయి, కువులు ఒక జంట. పెంగో, మండలు ఒక జంట. ఆ రెండు జంటలు కలిసి ఒక కొమ్మ. వాటికి దగ్గఱగా కొండ. ఇంకను దూరముగా గోండి. పూర్వము ధ్వనులను, ప్రత్యయములను పరిశీలించి పండితులు గీసిన వృక్షమునకు ఇది చాలవఱకు సరిపోయినది. ఈ ఆఱింటిలో మండ భాషను ఒడిశా కొండలలో కొలదిమంది మాత్రమే మాటాడుదురు. వారి నోట మ్రాను మాట మాఱక మిగిలినదా, మాఱినదా యను విషయమును 945 వృక్షములలో తీర్పునకు ఒక సాక్ష్యమే.